1,140 కార్డులు పేరుకుపోయాయి, జపనీస్ కంజి అక్షరాలు మాత్రం రావట్లేదు. ఆప్ వదిలేసి నోట్‌బుక్ పట్టుకోవాలా?

హన్మకొండ_నర్సు
జపాన్‌లో కాయిగో పనికి, అంటే ముసలివాళ్లను చూసుకునే పనికి, వెళ్లాలని ఏడు నెలలుగా జపనీస్ నేర్చుకుంటున్నాను. పొద్దున క్లాసు, రాత్రి ప్రైవేటు ఆసుపత్రిలో డ్యూటీ. శబ్దాలు రాసే లిపులు హిరగానా, కతకానా మూడు వారాల్లో వచ్చేశాయి. కంజి, అంటే చైనా నుంచి వచ్చిన, ఒక్కోదానికి ఒక్కో అర్థముండే అక్షరాల దగ్గరికొచ్చేసరికి బండి ఆగిపోయింది.

డబ్బు కట్టి ఒక ఆప్ తీసుకున్నాను. అందులో 320 కంజి వచ్చేసినట్టు పచ్చ గీత చూపిస్తోంది. దానికి తోడు ఉచితంగా దొరికే కార్డుల ఆప్‌లో రోజుకు 25 కొత్త కార్డులు పెట్టుకున్నాను. మధ్యలో నాన్నకు జ్వరమొచ్చి పదిహేను రోజులు తెరవలేదు. మొన్న తెరిస్తే చూడాల్సినవి 1,140. ఆ అంకె చూడగానే గుండె దడ పట్టుకుని ఫోన్ పక్కన పడేశాను.

అసలు బాధ అది కాదు. ఆదివారం క్లాసులో మాక్ టెస్టు పెట్టారు. "బస్సు కోసం ఎదురుచూస్తున్నాను" అనే వాక్యానికి సరైన కంజి ఎంచుకోవాలి. నాలుగు ఆప్షన్లు. ఎదురుచూడటం అనే మత్సు, పట్టుకోవడం అనే మొత్సు రెండూ నా కళ్లకు ఒకటే. తప్పుది పెట్టాను. కంజి ప్రశ్నలు 25 ఉంటే 11 వచ్చాయి. ఆప్‌లో మాత్రం ఆ రెండూ పచ్చగానే ఉన్నాయి!

ఆప్‌లన్నీ తీసేయండి, ఒక్కోటి యాభై సార్లు రాయండి అంటున్నారు మా మేడమ్. రెండు నెలల్లో జేఎఫ్‌టీ బేసిక్, అంటే జపాన్‌లో పనికి వెళ్లేవాళ్లు రాసే జపనీస్ పరీక్ష, రాయాలి. ఏం చేయాలో నిజంగా అర్థం కావట్లేదు.

కాజీపేట_పుష్‌పుల్
అన్నిటికంటే ముందు కొత్త కార్డులు సున్నా చేయండి. ఇవాళే. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం.

నోట్‌బుక్_నమ్మకం
మీ మేడమ్ చెప్పిందే కరెక్టు. నేను జేఎల్‌పీటీ, అంటే జపనీస్ భాషా పరీక్ష, పాత పద్ధతిలో నాలుగో లెవెల్ రాసినవాణ్ని. ఇప్పుడు ఎన్5 నుంచి ఎన్1 దాకా ఐదు లెవెల్స్ ఉన్నాయి కానీ 2010కి ముందు నాలుగే. అప్పట్లో ఈ ఆప్‌లు లేవు. లెక్కల గళ్ల నోట్‌బుక్, పెన్సిల్, అంతే. గడికో అక్షరం. ఇప్పటికీ ఆ అక్షరాలు మర్చిపోలేదు.

ఎన్ఐటీ_హాస్టల్
అన్నా, జేఎల్‌పీటీలో గానీ జేఎఫ్‌టీ బేసిక్‌లో గానీ చేత్తో రాసే ప్రశ్న ఒక్కటీ ఉండదు. అంతా ఆప్షన్లే. జేఎఫ్‌టీ అయితే కంప్యూటర్ ముందే కూర్చుని రాయాలి, 250కి 200 వస్తే పాస్. రెండు నెలల టైమున్న మనిషి ఒక్కో అక్షరాన్ని యాభై సార్లు రాస్తూ కూర్చుంటే చదవడం ఎప్పుడు?

ఒకే రోజు యాభై సార్లు చూడటం కంటే అదే అక్షరాన్ని ఇవాళ, మూడు రోజులకు, పది రోజులకు, నెలకు చూస్తే ఎక్కువ నిలుస్తుంది. మతిమరుపు ఏ లెక్కన సాగుతుందో ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ ఆయన తన మీద తానే ప్రయోగాలు చేసుకుని 1885లోనే పుస్తకంగా వేశాడు. ఆంకీ లాంటి కార్డుల ఆప్‌లు చేసే పనంతా ఆ గ్యాప్ లెక్కపెట్టడమే.

నోట్‌బుక్_నమ్మకం
లెక్క సరే తమ్ముడూ. మరి ఆ అమ్మాయి రోజూ ఆ లెక్క ప్రకారమే చూసింది కదా, మత్సు మొత్సు ఎందుకు కలిసిపోయాయి? కన్ను మోసపోతుంది, చెయ్యి మోసపోదు.

కతకానాలో షి, త్సు తీసుకో. రెండిట్లోనూ రెండు చిన్న గీతలు, ఒక పెద్ద గీత. కళ్లతో నేర్చుకున్నవాళ్లు నెలల తరబడి తడబడతారు. చేత్తో రాస్తే ఒక్క పూటలో తేలిపోతుంది. షిలో చిన్న గీతలు ఎడమ పక్కన ఒకదాని కింద ఒకటి పడతాయి, పెద్ద గీత కింద నుంచి కుడివైపు పైకి ఎగురుతుంది. త్సులో చిన్నవి రెండూ పైన పక్కపక్కనే, పెద్దది కుడి పై నుంచి ఎడమ కిందికి జారుతుంది. ఒకటి ఎక్కుతుంది, ఒకటి దిగుతుంది. ఈ సంగతి స్క్రీన్ మీద వేలితో నొక్కితే తెలియదు.

గోదావరిఖని_బావి
షి ఎక్కుతుంది, త్సు దిగుతుంది. మస్తు చెప్పినవ్ అన్నా. మా బొగ్గుబావి లిఫ్టు లెక్కనే ఉంది, గుర్తుండిపోతది.

కాజీపేట_పుష్‌పుల్
బకాయి సంగతి చెప్తానన్నాను కదా. రోజూ కాజీపేట నుంచి సికింద్రాబాద్ పోయి రావడంలో రైల్లోనే ఎన్3 దాకా లాగాను, నాకూ ఒకసారి 900 దాటాయి.

కొత్తవి సున్నా. తర్వాత రోజుకు చూసే పాత కార్డుల మీద హద్దు పెట్టండి, 80 చాలు. 1,140 అనే అంకె అప్పుడు కనిపించదు, 80 కనిపిస్తుంది. రైల్లో 40, ఇంట్లో 40. మీకైతే డ్యూటీకి ముందు సగం, దిగాక సగం. రెండు మూడు వారాల్లో దారికొస్తాయి.

ఇంకోటి. ఆంకీలో ఒకే కార్డును ఎనిమిది సార్లు మర్చిపోతే అదే దానికి గుర్తు పెడుతుంది, సెట్టింగును బట్టి పక్కన కూడా పెట్టేస్తుంది. వాటికి జలగ అని పేరు. నిజంగా జలగలే, టైమంతా పీల్చేస్తాయి. వాటిని మళ్లీ లోపలికి తేవద్దు. ఆ ఇరవయ్యో ముప్ఫయ్యో నోట్‌బుక్‌లోకి తీయండి. నోట్‌బుక్_నమ్మకం అన్న చెప్పే రాత అక్కడ పనికొస్తుంది, అన్నిటికీ కాదు.

రోజుకు 25 కొత్తవి ఉద్యోగం చేసేవాళ్ల వల్ల కాదండీ. ఇవాళ పెట్టిన 25 రేపటికీ వస్తాయి, ఎల్లుండికీ వస్తాయి, వాటి మీద మళ్లీ 25. నేను ఎనిమిది దాటను.

హన్మకొండ_నర్సు
సున్నా చేశాను, హద్దు 80 పెట్టాను. జలగలు చూస్తే 37 ఉన్నాయి. మత్సు, మొత్సు రెండూ అందులోనే! థాంక్యూ అన్నా, ముందు ఆ గుండె దడ తగ్గింది.

జగిత్యాల_టు_నగోయా
నాలుగేళ్లుగా ఇక్కడ ఫ్యాక్టరీలో ఉన్నాను. మా ఊళ్లో అందరూ గల్ఫ్ పోతే నేను ఇటు వచ్చాను. రాయడం ఎంత అవసరమో ఉన్నదున్నట్టు చెప్తాను.

రోజువారీ పనిలో ఫోనే. హిరగానాలో కొడితే కింద కంజి చూపిస్తుంది, సరైనది గుర్తుపట్టి నొక్కాలి. అంటే గుర్తుపట్టడమే ముఖ్యం. కానీ వార్డ్ ఆఫీసులో, బ్యాంకులో ఫారం ఇస్తే అడ్రసు చేత్తో రాయాల్సి వచ్చింది. పేరు కతకానాలో రాస్తే సరిపోతుంది. అడ్రసులో కంజి ఏడెనిమిదే, కానీ మొదటిసారి అక్కడ నిలబడి చెమటలు పట్టాయి. నా వెనక లైన్లో ఇంకో ఐదుగురు.

కాబట్టి చెల్లే, మీ అడ్రసు, ఊరు పేరు, పనిచేసే చోటు పేరు మాత్రం చేత్తో వచ్చేలా చూసుకోండి. మిగతావి చదవడం వస్తే బతకొచ్చు.

రిటైర్డ్_తెలుగు_సారు
మా అల్లుడు ఒసాకాలో ఉంటాడు, మనవడు అక్కడే బడికి పోతున్నాడు. జపాన్ పిల్లలు ఒకటో తరగతిలో 80, రెండులో 160, అలా ఆరేళ్లలో 1,026 కంజి నేర్చుకుంటారు. నిత్య వాడుక పట్టికలో ఉన్నవి 2,136. పుట్టినప్పటి నుంచి ఆ భాషలో ఉన్న పిల్లలకే అంత కాలం ఇచ్చారు. ఏడు నెలల్లో 320 చూశానంటున్న అమ్మాయి బెంగపడాల్సిన పని లేదు.

నేను చెప్పదలుచుకున్నది వేరే. మీరంతా ఉచ్చారణ ఇంగ్లిషు అక్షరాల్లో రాసుకుంటున్నారా? తెలుగులో రాసుకోండి. జపనీస్ అక్షరమాల వరస చూడండి: అ క స త న హ మ య ర వ. మన వర్ణమాల క్రమమే. బౌద్ధ భిక్షువులు సంస్కృతం చదువుకున్నప్పుడు అక్కడికి వెళ్లిన పద్ధతి అది. వాళ్ల దీర్ఘం మనకు దీర్ఘమే. చిన్న త్సు వేసి అక్షరాన్ని నొక్కిపెడితే అది మనకు ద్విత్వం. బడిని గక్కో అంటారు, తెలుగులో రాస్తే అచ్చం అలాగే పలుకుతాం.

ఇక ఆ త్సు. దానికోసం ఇంత కష్టపడక్కర్లేదు. చుక్క, చుట్టం అనండి. అక్కడ మనం పలికేది దంత్య చకారం. తెలుగులో దానికి అక్షరమే ఉండేది, ౘ. మత్సు అని కాదు, మౘు అని రాసుకోండి. జొన్నలో జ కూడా దంత్యమే. వాళ్లు మాట మొదట్లో పలికే జు (zu) ధ్వనికి దగ్గరగా ఉండేది అదే.

ఎన్ఐటీ_హాస్టల్
సార్, దంత్య చ సంగతి అద్భుతం, నాకిప్పటిదాకా తట్టలేదు. కానీ తెలుగులో రాసుకోవడం మాత్రం ఒప్పుకోను. హిరగానా వచ్చాక హిరగానాలోనే రాసుకోవాలి. పరీక్షలో తెలుగు ఉండదు, ఫోన్‌లో కొట్టేటప్పుడూ ఉండదు. తెలుగు రాసి ఉంటే కన్ను అటే పోతుంది, కంజి వైపు చూడదు.

రిటైర్డ్_తెలుగు_సారు
మొదటి రెండు నెలలకు చెప్పాను బాబూ. నడక వచ్చాక చెయ్యి వదిలేయమనే నేనూ అంటాను.

మంచిర్యాల_మల్లె
ఇంట్లో పిల్లలకు సార్ మాట చెప్తే చుక్క, చుక్కలు, చుట్టం అని సాయంత్రం నుంచి ఒకటే పాట!

వేయిస్తంభాల_వీధి
మత్సు మొత్సు దగ్గర అందరూ ఆగిపోతున్నారు కాబట్టి నేను ఎలా విడదీశానో రాస్తాను. కొంచెం పెద్దదే, ఓపికగా చదవండి.

ఆ రెండు అక్షరాల్లో కుడి సగం ఒకటే. అది విడిగా కూడా ఒక అక్షరం, తెర. అంటే గుడి. పైన మట్టి గుర్తు, కింద కొక్కెం లాంటి చిన్న ముక్క, మొత్తం ఆరు గీతలు. మనం చిన్నప్పటి నుంచి చూస్తున్న వేయి స్తంభాల గుడినే అక్కడ పెట్టుకున్నాను.

గుడికి ఎడమ పక్కన చెయ్యి గుర్తు వస్తే మొత్సు, పట్టుకోవడం. చేతిలో కొబ్బరికాయ పట్టుకుని గుడికి పోతున్నాం. చెయ్యి గుర్తు ఎలా ఉంటుందంటే, నిలువు గీతకు అడుగున కొక్కెం, పైన దాన్ని అడ్డంగా దాటే చిన్న గీత, కింద ఎడమ నుంచి కుడికి ఎగిరే ఇంకో గీత.

గుడికి ఎడమ పక్కన నడక గుర్తు వస్తే మత్సు, ఎదురుచూడటం. ఒకదాని కింద ఒకటి రెండు వాలు గీతలు, వాటి కింద నిలువు గీత. అది దర్శనానికి కదులుతున్న లైను. కార్తీక సోమవారం ఎంతసేపు నిలబడతామో అందరికీ తెలుసు.

కొక్కెం ఉంటే చెయ్యి, రెండు వాలు గీతలుంటే లైను. అంతే తేడా.

ఇక ఆ గుడి పక్కన ఏం పెడితే అది అవుతుంది. సూర్యుణ్ని పెడితే తొకి, సమయం. పొద్దు ఎక్కడుందో గుడి గోపురం మీద చూసి టైము చెప్పినట్టు. మనిషిని పెడితే సమురాయ్, గుడి ముందు కాపలా మనిషి. మాట గుర్తు పెడితే షి, కవిత. గుడిలో చదివే పద్యం. నాకు అన్నిటికంటే ఇష్టమైనది, ఆవు గుర్తు పెడితే తొకు, ప్రత్యేకం. మన గుడి దగ్గర నల్లరాతి నంది లేదూ! రుద్రదేవుడు 1163లో కట్టించిన గుడిలో ప్రత్యేకం ఏంటని అడిగితే నేను ముందు ఆ నందినే చూపిస్తాను.

ఇలా ఆరు అక్షరాలు ఒక్క సాయంత్రంలో వచ్చేశాయి. ఇవన్నీ అక్షరం పుట్టిన చరిత్ర కాదు, నా గుర్తుకోసం అల్లుకున్నవి. ఆప్‌లో ఇచ్చే కథలు ఇంగ్లిషువాళ్ల కథలు, అవి నాకు ఎక్కలేదు. మన గుడి ఎక్కింది.

హన్మకొండ_నర్సు
ఇది చదివి కళ్లు చెమర్చాయండీ. రోజూ ఆ గుడి ముందు నుంచే ఆటోలో డ్యూటీకి పోతాను. ఇప్పుడు చూస్తే మత్సు, మొత్సు అసలు ఒకేలా లేవు. ఇన్నాళ్లు అక్షరం మొత్తాన్ని ఒక ముద్దలా చూశాను, ముక్కలుగా ఎప్పుడూ చూడలేదు. ఆప్‌లో వాటి మీద క్లిక్ చేస్తూ ముందుకు పోయానంతే.

మంచిర్యాల_మల్లె
కథలు బాగున్నాయి కానీ ఒక ఇబ్బంది ఉంది. కథతో అర్థం వస్తుంది, ఎలా పలకాలో రాదు. నేను నిరుడు ఇలాగే మూడు వందల కథలు అల్లుకున్నాను. అక్షరం చూడగానే తెలుగు అర్థం చెప్పేదాన్ని, చదవమంటే నోరు పెగిలేది కాదు. ఒక్కో కంజికి రెండు మూడు ఉచ్చారణలు. సమయం అనే అక్షరాన్ని విడిగా తొకి అంటారు, అదే జికన్ అనే మాటలో జి అంటారు. ఇవన్నీ కథలో ఎక్కడ ఇరికిస్తాం?

వేయిస్తంభాల_వీధి
మంచి మాట. దానికీ గుడే సాయం చేస్తుంది. గుడిని ఓన్ యోమిలో, అంటే చైనా నుంచి వచ్చిన ఉచ్చారణలో, జి అంటారు. సమయం జి, సమురాయ్ జి, పట్టుకోవడం కూడా ఓన్ యోమిలో జి. కవిత షి, దగ్గరగానే ఉంది. అంటే కుడి సగం అర్థం కోసం కాదు, చాలాసార్లు శబ్దం కోసం వచ్చి కూర్చుంటుంది. ఎదురుచూడటం తాయ్, ప్రత్యేకం తొకు, ఈ రెండూ ఆ లెక్కలోకి రావు. రానివాటినే విడిగా గుర్తుపెట్టుకుంటే చాలు.

కాజీపేట_పుష్‌పుల్
మల్లె గారి ఇబ్బందికి నా మందు ఇది. కార్డు మీద ఒంటరి కంజి పెట్టను, మాట పెడతాను. వీలైతే చిన్న వాక్యం. "బసు ఒ మత్సు" అని మొత్తం ఒకే కార్డు. జవాబులో అర్థం, పలుకు, ఆడియో. అప్పుడు పలుకు దానంతట అదే వస్తుంది. తయారుగా దొరికే వేల కార్డుల డెక్‌లు దించుకోవడం కంటే, క్లాసులో కనపడిన మాటను ఆ రాత్రే మనం కార్డుగా చేసుకుంటే అది మనదవుతుంది. కార్డు తయారుచేయడమే సగం చదువు.

నోట్‌బుక్_నమ్మకం
కార్డు తయారుచేయడం సగం చదువు అన్నావు చూడు, అదే నేను పెన్సిల్‌తో చేసేది!

సిరిసిల్ల_మగ్గం
ఇన్ని పేర్లు చెప్తున్నారు, పైసా పెట్టకుండా దొరికేవి ఏవో ఒకచోట చెప్పండి. మా ఇంట్లో ఫోన్ ఒక్కటే, తమ్ముడూ నేనూ పంచుకుంటాం.

కాజీపేట_పుష్‌పుల్
ఆండ్రాయిడ్‌లో ఆంకీడ్రాయిడ్ ఉచితం, నెట్ లేకున్నా పనిచేస్తుంది. ఇద్దరూ వేరే వేరే డెక్‌లు పెట్టుకోండి. ఐఫోన్‌లో మాత్రం ఆంకీకి డబ్బు కట్టాలి. మాట వెతకడానికి జిషో అనే డిక్షనరీ సైటు ఉచితం. పేరు తెలియని కంజిని ముక్కలు ఎంచుకుంటూ వెతకొచ్చు, వేలితో గీసి కూడా వెతకొచ్చు. గీతలు ఏ వరసలో వేయాలో అక్కడే బొమ్మలుంటాయి. కంజి నేర్పే వనికాని సైటులో 60 లెవెల్స్ ఉంటాయి, మొదటి మూడే ఉచితం. జపాన్ ఫౌండేషన్ వాళ్ల ఇరొదోరి ఆన్‌లైన్ కోర్సు పూర్తిగా ఉచితం, అక్కడ పనికి పోయేవాళ్ల కోసమే చేసింది. చదవడం కొంచెం వచ్చాక జపాన్ ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే ఇచ్చే తేలిక వార్తలు, కంజి పైన హిరగానా వేసి ఇస్తారు.

సిరిసిల్ల_మగ్గం
చాలు అన్నా, ఇవాళ ఇరొదోరి మొదలుపెడతా.

కాయిగో_అక్క
నేను మూడేళ్లుగా జపాన్‌లో కేర్ హోమ్‌లో చేస్తున్నాను, మాది నిజామాబాద్. నర్సు చెల్లికి ఒక మాట. నువ్వు అందరిలా వరసగా 320 నేర్చుకోకు. నీ పనిలో వచ్చే అక్షరాలు ముందు పట్టుకో. పేషెంట్ల దగ్గర చేసినదానివి, నీకు అవి తొందరగా వస్తాయి.

జబ్బుకు సంబంధించిన అక్షరాలకు పైనా ఎడమ పక్కనా ఒక రేకుల కప్పు లాంటిది ఉంటుంది, యామాయిదరె అంటారు. దాని కింద ఏముంటే ఆ బాధ. జబ్బు, నొప్పి, అలసట అన్నిటికీ అదే కప్పు. చార్టులో ఆ కప్పు కనపడగానే ఇది బాధ సంగతి అని తెలిసిపోతుంది, మిగతాది చదవకముందే.

ఒంట్లో భాగాలకు చంద్రుడి గుర్తు లాంటిది ఉంటుంది. చాలామంది చంద్రుడే అనుకుంటారు, అది నిజానికి మాంసం గుర్తు. నడుము, ఛాతీ, ఊపిరితిత్తులు, మెదడు, బాహువు అన్నిట్లో ఎడమ పక్కన అదే.

మందు అనే అక్షరం చూడు, కుసురి. పైన ఆకుల గుర్తు, కింద సుఖం. ఆకులతో సుఖం. మా నాయనమ్మ ఇచ్చిన కషాయం గుర్తొస్తుంది నాకు. రక్తం ఇంకా తేలిక, గిన్నె అనే అక్షరం మీద ఒక్క చుక్క.

ఇక్కడ రాత్రి షిఫ్ట్ నుంచి పగటి షిఫ్ట్‌కి అప్పజెప్పేటప్పుడు రాసిన నోట్స్ చదవాలి. మొదటి నెల ఒక అవ్వ పేరు పక్కన నడుము నొప్పి అని రాసి ఉంటే నాకు అర్థం కాక, ఆమెను మామూలుగా లేపబోయాను. ఆమె మూలిగింది. ఆ మూలుగు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ఆ రెండు అక్షరాలు నేను యాభై సార్లు రాయలేదు, ఒక్కసారికే వచ్చేశాయి. నీకు అలా రాకూడదని చెప్తున్నా. వచ్చేలోపే నేర్చుకో.

హన్మకొండ_నర్సు
అక్కా, ఇది నా గోడ మీద రాసి పెట్టుకుంటాను. నడుము, నొప్పి ఇవాళే కార్డులు చేశాను.

ఒంటి భాగాలు అన్నారు కాబట్టి ఒకటి అడుగుతాను. ఎముక, హొనె. నోట్‌బుక్‌లో నేను రాస్తే మేడమ్ తప్పు కొట్టారు. ఫోన్‌లో చూసి ఉన్నదున్నట్టు దించాను. పైన పెద్ద డబ్బాలో చిన్న గడి ఉంటుంది కదా, నా ఫోన్‌లో అది ఎడమ వైపు ఉంది. మేడమ్ కుడి వైపు ఉండాలన్నారు. నాలుగుసార్లు చూశాను, నాకు ఎడమ వైపే కనిపిస్తోంది. ఆప్ తప్పా, మేడమ్ తప్పా?

ఎన్ఐటీ_హాస్టల్
ఇద్దరూ తప్పు కాదు, మీ ఫోన్ చైనా అక్షరం చూపిస్తోంది!

కంప్యూటర్ లెక్కలో చైనా ఎముకకూ జపాన్ ఎముకకూ ఒకే నంబరు ఇచ్చారు. ఏ రూపంలో గీయాలో ఫాంట్ చూసుకుంటుంది. ఫోన్ భాష తెలుగో ఇంగ్లిషో ఉంటే దానికి ఏది గీయాలో తెలియక చాలా ఫోన్లు చైనా ఫాంట్ తీసుకుంటాయి. చైనాలో ఆ చిన్న గడి ఎడమ వైపు, జపాన్‌లో కుడి వైపు. తిన్నగా, సరిచేయడం అనే అర్థాలున్న నావొసు కూడా చూడండి. జపాన్ రూపంలో ఎడమ నుంచి కిందికి దిగి మడత పడే గీత ఉంటుంది, చైనా రూపంలో ఉండదు.

ఫోన్ సెట్టింగ్స్‌లో భాషల లిస్టుకు వెళ్లి, తెలుగు మొదట అలాగే ఉంచి, రెండో భాషగా జపనీస్ చేర్చండి. ఫోన్ మొత్తం జపనీస్ అయిపోదు, భయపడకండి. ఆంకీలో అయితే నోటో సాన్స్ జేపీ అనే జపాన్ ఫాంట్ ఫైలు చేర్చి, కార్డు స్టైలింగ్‌లో దాని పేరు రాయండి. తర్వాత హొనె తెరిచి చూసి చెప్పండి.

హన్మకొండ_నర్సు
గడి కుడి వైపుకు వచ్చేసింది!!! ఏడు నెలలుగా నేను ఏ అక్షరాలు చూస్తున్నాను దేవుడా.

నోట్‌బుక్_నమ్మకం
చూశారా, చేత్తో రాయబట్టే ఈ తప్పు బయటపడింది. ఆప్షన్లు నొక్కుతూ పోతే జపాన్ వెళ్లేదాకా తెలిసేది కాదు.

ఎన్ఐటీ_హాస్టల్
ఇది మాత్రం ఒప్పుకుంటున్నా అన్నా. నేను కూడా ఇవాళ నుంచి కొత్త కంజి మూడేసి సార్లు రాస్తాను. యాభై కాదు, మూడు.

నోట్‌బుక్_నమ్మకం
ఐదు చెయ్యి.

జగిత్యాల_టు_నగోయా
నాలుగు దగ్గర సెటిల్ చేసుకోండి, నేను సాక్షి సంతకం పెడతా.

రిటైర్డ్_తెలుగు_సారు
కాగితం దొరకని చోట జపాన్‌లో వేలితో అరచేతిలోనో గాల్లోనో రాసుకుంటారు. మా మనవడు అన్నం తింటూ బల్ల మీద రాస్తుంటాడు. రైల్లో, ఆటోలో అది చేయొచ్చు. ఫోన్ కీబోర్డులో జపనీస్ చేతిరాత పెట్టుకుంటే వేలితో స్క్రీన్ మీదే రాయొచ్చు, గుర్తుపట్టిందంటే మీ రూపం చాలావరకు సరిగ్గా ఉన్నట్టే.

హన్మకొండ_నర్సు
మూడు వారాల కిందట ఈ ప్రశ్న అడిగాను. ఏం చేశానో చెప్పకుండా ఉంటే బాగుండదు.

బకాయి 1,140 నుంచి 212కి వచ్చింది. కొత్తవి రోజుకు ఆరే పెడుతున్నాను, అన్నీ మాటలే, ఒంటరి కంజి లేదు. డబ్బు కట్టిన ఆప్ గడువు అయిపోయింది, మళ్లీ కట్టలేదు. జలగలు 37లో 29 నోట్‌బుక్‌లో తేలిపోయాయి. సార్ చెప్పినట్టు త్సు ఉన్న ప్రతి మాట పక్కన చిన్న ౘ రాసుకున్నాను, ఇప్పుడు దాని అవసరం కూడా పోయింది. నిన్న ఇంకో మాక్ టెస్టు, కంజి 25లో 19. నడుము నొప్పి వచ్చింది అక్కా, పేపర్లో! చూడగానే పెట్టేశాను.

గుడి లాగే నేనూ ఒక కుటుంబం తయారుచేశాను. మోన్, అంటే గుమ్మం. కోటలో కాకతీయ తోరణాన్ని అక్కడ పెట్టుకున్నాను. తోరణం కింద నోరు పెడితే అడగడం, ఎవరండీ లోపల అని. చెవి పెడితే వినడం. సూర్యుణ్ని పెడితే మధ్య. పొద్దున కోటకు పోయి తోరణం మధ్యలోంచి సూర్యుణ్ని ఫోటో తీసి ఆ కార్డులో పెట్టాను. వేయిస్తంభాల_వీధి గారు, అడగడానికి ఓన్ యోమి మోన్. మీరన్న శబ్దం సంగతి ఇక్కడ కూడా పనిచేస్తోంది.

వేయిస్తంభాల_వీధి
ఆ అక్షరం రెండు రెక్కల తలుపు బొమ్మ, మన తోరణానికి తలుపులుండవు. కానీ ఆ మధ్యలో సూర్యుడు ఉన్న ఫోటో మాత్రం ఇక్కడ పెట్టండి, నా కార్డులోకి కూడా తీసుకుంటాను.

కాయిగో_అక్క
19 అంటే బాగా పట్టుకున్నావు చెల్లే. ఇక కైవా, అంటే మాట్లాడటం, వినడం మీద కూచో. మా దగ్గరికి వస్తే మొదటి నెల నోట్స్ ఇద్దరం కలిసి చదువుదాం.

హన్మకొండ_నర్సు
ఫోటో సాయంత్రం పెడతాను, ఇప్పుడు డ్యూటీకి టైమైంది. నాన్నకు జ్వరం పూర్తిగా తగ్గింది. రోజూ నేను వచ్చేసరికి నోట్‌బుక్ పట్టుకుని కూర్చుంటున్నారు. ఆయనకు జపనీస్ ఒక్క ముక్క రాదు. అయినా జవాబు మీద అరచెయ్యి అడ్డం పెట్టి, "ఇందులో గుడి ఉందమ్మా, పక్కన కొక్కెం ఉంది, చెప్పు" అని నన్ను అడుగుతున్నారు.